పిడికెడు బియ్యం, పొడుగు ప్రార్థన

నేను ఒక రేకు డబ్బాను. నలుచదరంగా ఉంటాను. పైమూత నడిమధ్య చెయ్యి పట్టేంత గుండ్రటి కంత, అడుగున రెండు మాట్లు, ఒక పక్క పెద్ద సొట్ట. చూడగానే మొహం తిప్పుకుంటారని తెలుసు. తిప్పుకోండి, నాకేం చిన్నతనం లేదు. బేతనియపేటలో అరవై ఇళ్ల ఆడవాళ్ల చేతులు వారం వారం నాలోకి వచ్చి వెళ్లాయి. ఏ చెయ్యి ఎంత తెచ్చిందో దేవుడికి తెలుసు, ఆ తర్వాత నాకు తెలుసు. మూడో మనిషికి తెలియకూడదన్నది మా పేట ఆచారం. ఇవాళ మీకు చెబుతున్నానంటే, ఆ గుట్టు గలవాళ్లే ఒకసారి అందరి ముందూ చెప్పేశారు కాబట్టి.

నేను పుట్టింది ఒక నూనె మిల్లులో. పుట్టీ పుట్టగానే నాలో పదిహేను కిలోల వేరుశనగ నూనె పోసి, మూతి బిగించి లారీ ఎక్కించారు. అప్పట్లో నాకు మహా గర్వం. కొత్త రేకు తళతళ, ఒంటి మీద రంగుల బొమ్మ. నన్ను కొన్నవాడు బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేసే సూరిబాబు. నూనె అయిపోయాక ఊరుకున్నాడా? మధ్యాహ్నమంతా నన్ను బాండీ మీద బోర్లించి చివరి చుక్క దాకా కార్చుకున్నాడు. చుక్క రావడం ఆగగానే కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఈ సొట్ట ఆ తన్నుదే. నిండుగా ఉన్నప్పుడు భుజానెత్తుకోవడం, ఖాళీ అయ్యాక తన్నడం మనుషులకి మామూలేనని అప్పుడే అర్థమైంది. కోపం వచ్చింది గానీ, రేకు డబ్బా కోపం ఎవరికి కావాలి?

అక్కణ్నుంచి రేకుల పని చేసే మస్తాన్ కొట్టుకి చేరాను. వారం తిరక్కుండా ఒక లావుపాటి మనిషి గొడుగు ఊపుకుంటూ వచ్చింది. పూల చీర, ముందు పన్ను ఒకటి లేదు, నోటి నిండా నవ్వు.

"మస్తానూ, నాకో డబ్బా చేసిపెట్టయ్యా. మూత ఉండాల, మూతకి కంత ఉండాల. చెయ్యి లోపలికి పోవాల గానీ లోపలున్నది బయటికి కనపడగూడదు."

"ఎందుకమ్మా, పామును పెంచుతావా?" అన్నాడు మస్తాన్.

"పాము కాదయ్యా, బియ్యం. మా సంఘంలో ఇంటికో పిడికెడు ఎత్తుతున్నాం. ఎవురెంత ఏశారో పక్కోళ్లకి తెలవగూడదు."

మస్తాన్ తన భార్యని పిలిచి, ఆమె పిడికిలి నా మూత మీద పెట్టించి, చుట్టూ మేకుతో గీత గీశాడు. వేసేది ఆడవాళ్లే గదా అనుకున్నాడు పాపం. రేకు కత్తెరతో గీత వెంట కోసి, ఎవరి చెయ్యీ గీరుకోకుండా అంచు లోపలికి మడిచి కొట్టాడు. ఆ కొలతే తర్వాత ఒక పెద్దమనిషి పరువు మీదికి తెచ్చింది. ఆ ముచ్చట కాసేపట్లో చెబుతాను.

ఆ లావుపాటి మనిషి సువార్తమ్మ. ముప్పై ఏళ్లు పట్నంలోని ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. భర్త పోయాడు, ఉన్న ఒక్క కూతురూ పురిట్లో పోయింది. "అంత జరిగితే ఎట్టా నవ్వుతావు సువార్తమ్మా?" అని ఎవరో అడిగితే, "నా ఏడుపు కోటా అయిపోయిందమ్మా, ఇంకా కావాలంటే దేవుడు ఇంకోళ్ల కార్డు మీద తెచ్చుకోవాల" అంది. ఆసుపత్రిలో రోగులకి ఏదో ఒకటి పెట్టేవాళ్లు. రోగికి తోడు వచ్చినవాళ్లు మాత్రం వరండాలో కొళాయి నీళ్లు తాగి కూర్చునేవాళ్లు. ముప్పై ఏళ్లు ఆ మొహాలు చూసింది. అందుకని రిటైరవగానే చర్చిలోని స్త్రీల సమాజాన్ని కూర్చోబెట్టి ఒక పద్ధతి పెట్టించింది. శనివారం పొద్దున ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు దేవుడికని తియ్యాలి. ఆదివారం గుడిలో ప్రార్థన చేయించి, సోమవారం ఆ బియ్యంతో జావ కాచి వరండాలో వాళ్లకి పొయ్యాలి.

అరవై ఇళ్ల బియ్యం ఒక్కచోట చేరితే ఎలా ఉంటుందో మీరు చూడాలి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషను బియ్యం, నూక, ఒకరింట్లో పాతవి, ఒకరింట్లో నిన్న ఆడించినవి. పొయ్యి మీద సగం మెత్తబడేసరికి సగం పలుకుగానే ఉండేవి. జావ కాస్తే ఆ తేడా తెలియదని సువార్తమ్మ కనిపెట్టింది. అయినా ఒకటీ అరా పలుకు పంటికింద పడేది. తాగేవాళ్లు ఎవరూ ఏమీ అనలేదు.

ఇక ఆమె నన్ను మోసే తీరు. చంకన పెట్టుకుని, నాలుగు వేళ్లతో నా పక్కన దరువేసుకుంటూ, సొంతంగా కట్టిన పాటలు పాడుకుంటూ వీధి వీధీ తిరిగేది. ఆ పాటలకి తలా తోకా ఉండేది కాదు. ఒక దాంట్లో దేవదూతలు, ఆ వెంటనే వంకాయ కూర. గుమ్మంలో ఆగి కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ ఇంటిని సల్లగా సూడు. ఈ పిడికెడు ఏ కడుపుకి సేరాలో ఆ కడుపుకి సేర్చు, ఆమెన్" అనేది. ఆ లోపల ఆ ఇంటావిడ పిడికిలి నాలోకి దింపి చీకట్లో విప్పేది. అడుగు రేకు మీద బియ్యం రాలిన చప్పుడు విని సువార్తమ్మ కళ్లు తెరిచి నవ్వేది. సూరిబాబు తన్నిన నాలాంటి దానికి అంత పని దొరికిందా అని నేను ఎన్నిసార్లు పొంగిపోయానో!

అందరికీ నేను నచ్చానని కాదు. సంఘం సెక్రటరీ జెకర్యా మాస్టారికి నేనంటే గిట్టేది కాదు. రిటైరైన హెడ్మాస్టరు, ఇస్త్రీ చొక్కా, గంట కొట్టినట్టు గొంతు. చెడ్డవారు కాదు. గుడికి సున్నం వేయించినా, ఎవరికైనా జబ్బు చేస్తే ఆటో పిలిపించినా ఆయనే. ఒక శనివారం భార్య ఊళ్లో లేకపోతే తానే పిడికెడు బియ్యం తెచ్చి నాలో చెయ్యి పెట్టారు. చెయ్యి ఎలాగో దిగింది. బయటికి తీసేటప్పుడు చేతి గడియారం పట్టీ మస్తాన్ మడిచిన అంచుకి తగులుకుంది. ఆయన లాగితే చేతితో పాటు నేనూ వెళ్లాను. వీధిలో ఆడవాళ్లు ఒకరు నన్ను పట్టుకుని, ఒకరు ఆయన్ని పట్టుకుని గుంజారు. సువార్తమ్మ నవ్వి నవ్వి అరుగు మీద కూలబడింది. "ప్రార్థన మాత్రం అయిపోయింది మాస్టారూ, ఇంక ఇడిపించడం దేవుడి పని!" అంది. ఆ మాట ఆయన మర్చిపోలేదు.

నయోమి సంగతి ఆ మరుసటి ఏడు. ఆమె ఇల్లు మొదటి వీధిలో మూడోది. సన్నటి మనిషి, బిగువైన మనిషి. భర్త పేరు సీలోను, ఇటుక బట్టీలో పనిచేస్తూ నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఇద్దరు చిన్న పిల్లలు. బట్టీ పని పోయింది, ఆమెకి దొరికిన కూలి మందులకే చాలడం లేదు. సువార్తమ్మ ఒక గిన్నెలో కూరా అన్నం తీసుకువెళితే, "మాకేం తక్కువ పెద్దమ్మా? పిల్లలు తిన్నారు" అని గిన్నె గిన్నెలాగే తిప్పి పంపింది.

ఆ తర్వాతి శనివారం ఆమె గుమ్మంలో సువార్తమ్మ కళ్లు మూసుకుంది. నయోమి పిడికిలి నాలోకి దిగింది. విచ్చుకుంది. ఒక్క గింజ రాలలేదు. ఆ చెయ్యి ఖాళీ. పక్క గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, చప్పుడు కాకపోతే వాళ్లకి తెలిసిపోతుంది. నా ఒళ్లు జలదరించింది, ఎవరికీ వినపడకుండా అణచుకున్నాను.

అంతే, నా పక్కన దరువు లేచింది. సువార్తమ్మ కళ్లు తెరవకుండానే నాలుగు వేళ్లూ కాదు, అరచెయ్యి మొత్తంతో వాయించడం మొదలుపెట్టి, గొంతెత్తి పాడింది. ప్రార్థన మధ్యలో పాటేంటి? పిచ్చెక్కిందా అనుకున్నాను. నయోమి చెయ్యి తీసుకున్నాక గానీ దరువు ఆగలేదు. అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు నుంచి ఒక్క నయోమి గుమ్మంలోనే కాదు, అరవై గుమ్మాల్లోనూ చెయ్యి లోపలికి దిగేటప్పుడు వాయించింది. ఏ ఇంటి ముందు ఎందుకు వాయిస్తోందో ఎవరూ పోల్చుకోకూడదు గదా.

రెండో మార్పు ఇంకా తమాషాగా ఉంటుంది. మొదటి వీధి నుంచి బయల్దేరే మనిషి చివరి వీధి నుంచి మొదలుపెట్టింది. "మోకాళ్ల నొప్పులమ్మా, పల్లం నుంచి ఎక్కితే తేలిక" అని అందరికీ చెప్పింది. అది పచ్చి అబద్ధం, పల్లం నుంచి ఎక్కడం ఎవరికి తేలిక? నయోమి ఇల్లు చివరికి రావాలి, అప్పటికి నాలో బియ్యం ఉండాలి. అదీ ఆమె లెక్క. ఆ గుమ్మంలో ప్రార్థన కూడా పొడుగైంది. "ప్రభువా, ఈ బియ్యం నీయి. ఎవురికి అవసరమో ఆళ్లు తీసుకుంటే నీకు సంతోషం. సిగ్గు పడొద్దని సెప్పు ప్రభువా…" అంటూ దేశంలో ఉన్న రోగులందరినీ, రైళ్లలో వెళ్లేవాళ్లందరినీ తలుచుకునేది.

మొదటి వారం నయోమి వేళ్లు బియ్యం మీద ఊరికే ఆనాయి. రెండో వారం గింజల్లోకి కొంచెం దిగి ఆగాయి. మూడో వారం ఆ పిడికిలి మూసుకుంది. ఖాళీగా మూసుకుని వచ్చిన చెయ్యి, నిండుగా మూసుకుని బయటికి వెళ్లింది. కంత చిన్నది కాబట్టి అంచుకి ఒరుసుకుంది, మస్తాన్ మడిచి కొట్టాడు కాబట్టి గీరుకోలేదు. చెయ్యి ఒళ్లో కొంగులోకి వెళ్లి మళ్లీ వచ్చింది. సువార్తమ్మ రైలు ప్రయాణికులు అయిపోయి ఓడల్లో వాళ్ల దగ్గరికి వచ్చింది. మూడు పిడికిళ్లు వెళ్లాక "ఆమెన్" అంది. నేను డబ్బానైపోయాను గానీ, ఆ రోజు ఏడ్చి ఉండేదాన్ని.

మూడు నెలలు అలా గడిచింది. ఈలోపు ఆ దరువు మాస్టారి చెవిన ఇల్లు కట్టుకుంది. ఒక రోజు గుడి అరుగు మీద సువార్తమ్మని నిలబెట్టి అడిగారు.

"ఏంటి సువార్తమ్మా ఆ గోల? దేవుడి బియ్యం ఎత్తుతున్నావా, కోతిని ఆడిస్తున్నావా? పక్క పేటవాళ్లు నవ్వుతున్నారు. వచ్చే ఆదివారం నుంచి వీధులు తిరగడం వద్దు. గుడిలో ముందు ఇత్తడి పళ్లెం పెడతాం. ఒక్కొక్కరే వచ్చి, నిశ్శబ్దంగా, అందరి ఎదటా పొయ్యాలి. అదీ మర్యాద."

సువార్తమ్మ మొహంలో నవ్వు ఆగిపోవడం నేను మొదటిసారి చూశాను. "వద్దు మాస్టారూ. మీ కాళ్లు పట్టుకుంటాను, ఆ పని చెయ్యమాకండి" అంది.

"ఎందుకు? ఒక్క కారణం చెప్పు, మానేస్తాను."

ఆమె నోరు తెరిచింది. మూసుకుంది. నన్ను చంకన గట్టిగా అదుముకుంది. "నాకు వాయించుకోవడం సరదా అండి" అంది చివరికి.

"అరవై రెండేళ్లొచ్చాయి నీకు" అని మాస్టారు లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం గుడి నిండింది. సువార్తమ్మ ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చుని, నన్ను ఒళ్లో పెట్టుకుంది. ముందు బల్ల మీద ఇత్తడి పళ్లెం మెరుస్తోంది, పక్కనే మాస్టారు నిటారుగా నిలబడ్డారు. ఆడవాళ్లు వరసకట్టి ఒక్కొక్కరే పిడికిలి విప్పుతున్నారు. ఇత్తడి మీద బియ్యం పడితే ఎంత చప్పుడో! చివరి మనిషి దాకా వినపడుతోంది. వరసలో నయోమి ఉంది. రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారని వచ్చింది. పిడికిలి ఎంత బిగించిందంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ముందు నలుగురున్నారు. తర్వాత ముగ్గురు. తర్వాత ఇద్దరు.

నయోమి పళ్లెం మీద చెయ్యి చాపింది. సరిగ్గా అప్పుడు గుడి పైకప్పు ఎగిరేట్టు నా వీపు మీద దరువు పడింది. సువార్తమ్మ దేవదూతల పాట ఎత్తుకుంది, వంకాయ కూరతో సహా. తలకాయలన్నీ గిర్రున ఇటు తిరిగాయి. ఒక చంటిపిల్ల కెవ్వుమంది. పళ్లెం వైపు చూస్తున్నవాడు ఒక్కడు లేడు. నయోమి పిడికిలి విప్పి, మూసుకుని, పక్కకి తప్పుకుంది. ఒక్క క్షణం పట్టింది, అంతే. గండం గడిచింది.

"ఆపు!" అన్నారు మాస్టారు. పిల్లల్ని నలభై ఏళ్లు భయపెట్టిన గొంతు అది. "ఆరాధనలో ఈ తైతక్కలేంటి? నీ వయసేంటి, నువ్వు చేసే పనేంటి? ఈ రోజు నుంచి సమాజంలో నీకు ఏ పనీ లేదు. లేచి వెనక్కి వెళ్లు."

సువార్తమ్మ లేచింది. "తప్పయిపోయింది మాస్టారూ. సంతోషం ఆగలేదు" అంది. నన్ను మోసుకుంటూ, తల వంచుకుని, అందరి చాపల మధ్య నుంచి వెనక్కి నడిచింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. నా మీద పెట్టిన ఆమె చెయ్యి చల్లగా ఉంది. నాకు ఆ నిమిషంలో మాస్టారి మీద వచ్చినంత కోపం సూరిబాబు మీద కూడా రాలేదు.

"పెద్దమ్మా, ఆగు."

నయోమి గొంతు అది. మళ్లీ బల్ల దగ్గరికి నడిచి, అందరి వైపూ తిరిగి, చెయ్యి పైకెత్తి వేళ్లు విప్పింది. "ఈ చేతిలో ఏం లేదండీ. ఇయ్యాలే కాదు, మూడు నెలల నుంచీ ఏం లేదు. వారం వారం ఖాళీ పిడికిలి పెట్టాను. అదీ చాలక ఆ డబ్బాలోంచి దేవుడి బియ్యం తీసుకెళ్లి పిల్లలకి వండాను. పెద్దమ్మకి తెలుసు. నా చేతికింద చప్పుడు రాదని ఆమె చప్పుడు చేసింది, అంతేగానీ సరదాకి కాదు. ఆమెని ఏం అనమాకండి. అనేదేదో నన్ను అనండి మాస్టారూ."

మాస్టారు ఆ చేతి వంకే చూస్తున్నారు. సువార్తమ్మని కారణం చెప్పమని అడిగినప్పుడు ఆమె నోరు తెరిచి మూసుకోవడం గుర్తొచ్చిందో ఏమో. మెల్లగా చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు.

పళ్లెంలో బియ్యం ఒక పిడికెడు తీసుకుని వెనక్కి నడిచి, నా కంతలో చెయ్యి దింపి, నాలోపల విప్పారు. ఈసారి ఎక్కడా తగులుకోలేదు.

"ఆ పళ్లెం తీసేయండమ్మా" అన్నారు. "మిగతాదంతా ఇందులో పొయ్యండి." పోశారు. నన్ను ఎత్తి, సువార్తమ్మని కూడా వెంట రమ్మని, నయోమి ముందు పెట్టారు. "అందరూ కళ్లు మూసుకోండి. ప్రార్థన చేద్దాం. నేను ఆమెన్ అనేదాకా ఎవరూ తెరవకూడదు" అని హెడ్మాస్టరు గొంతుతో చెప్పారు. రెండు ముక్కల్లో ప్రార్థన ముగించే మనిషి ఆయన. ఆ రోజు రోగులు, రైళ్లు, ఓడలు, విమానాలు, జైళ్లలో వాళ్లు, సరిహద్దుల్లో వాళ్లు, ఎవర్నీ వదల్లేదు. మధ్యలో ఒకసారి ఆగారు. ఆయన ఆగినప్పుడు సువార్తమ్మ నా మీద మెల్లగా వేళ్లతో దరువేసింది. గుడి గుడంతా కళ్లు మూసుకుని ఉంటే, నయోమి చెయ్యి నాలోకి వచ్చింది.

ఆ తర్వాత మాస్టారు ఒక రూలు పెట్టారు. రూలు లేకపోతే ఆయనకి తోచదు. శనివారం డబ్బా వీధులు తిరగాలి, ప్రతి గుమ్మంలోనూ వాయించాలి, ఎవరి గుమ్మంలోనూ ఆపకూడదు. సువార్తమ్మ ఆ రూలు ఒకే ఒక్కసారి తప్పింది. ఏడాదికి సీలోను లేచి తిరిగి, ఒక రైసు మిల్లులో వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆ శనివారం నయోమి పిడికిలి నాలోకి దిగుతుంటే సువార్తమ్మ దరువు ఆపేసింది. మొదటి ఇల్లుగా అక్కడికే వచ్చింది, నా అడుగున ఒక్క గింజ లేదు. బియ్యం రేకు మీద గలగలా రాలాయి. చివరి గింజ దొర్లి ఆగేదాకా విని, నోరారా నవ్వింది. నా బతుకులో నేను చేసిన చప్పుళ్లన్నిటిలో మంచి చప్పుడు అదే.

సువార్తమ్మ పోయి ఆరేళ్లయింది. నా అడుగు తుప్పు పట్టి కారితే మస్తాన్ కొడుకు రెండు మాట్లు వేశాడు. పాత సామాన్లవాడు రెండుసార్లు నా వంక ఆశగా చూశాడు, నయోమి వాణ్ని వీధి చివరిదాకా తరిమింది. ఇప్పుడు నన్ను మోసేది ఆమే. గొంతు బాగుండదు గానీ వాయింపు అచ్చం పెద్దమ్మదే. మాస్టారు కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడతారు, మేం సందు తిరగగానే గడియారం విప్పి జేబులో వేసుకుంటారు. నన్ను తన్నిన సూరిబాబుకి కూడా నేనిప్పుడు రుణపడి ఉన్నాననిపిస్తుంది. అతను నన్ను పూర్తిగా ఖాళీ చేసి ఉండకపోతే, ఇంతమంది చేతులు నాలో పట్టేవా?

మొన్న శనివారం నాలుగో వీధిలో కొత్తగా అద్దెకి దిగినవాళ్ల గుమ్మం ముందు ఆగాం. ఎవరో చిన్నపిల్ల, కొత్తగా పెళ్లయిన పిల్ల. నయోమి కళ్లు మూసుకుని దరువు మొదలుపెట్టింది. ఆ పిల్ల పిడికిలి నాలోకి దిగింది. విచ్చుకుంది. ఏమీ రాలలేదు.

నయోమి దరువు ఆగలేదు, గొంతు మారలేదు. రోగులని తలుచుకుంది. రైళ్లలో వెళ్లేవాళ్లని తలుచుకుంది. ఓడల దగ్గరికి వచ్చింది. ఆ చెయ్యి ఇంకా నా బియ్యం మీద ఆనుకుని ఆలోచిస్తూనే ఉంది. నయోమి విమానాలు ఎత్తుకుంది.